నిజాం పోయాక యుద్ధం ఎవరి మీద?

(గత సంచిక తరువాయి)

1948 సెప్టెంబర్ 17 సాయంత్రం నిజాం రేడియోలో ఓటమి ఒప్పుకున్నాడు. మర్నాడు ఆయన సేనాధిపతి ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ముందు లొంగిపోయాడు. నాలుగైదు రోజుల్లో అంతా అయిపోయింది. షోలాపూర్ వైపు నుంచి, బెజవాడ వైపు నుంచి వచ్చిన యూనియన్ సైన్యానికి దారి పొడవునా జనం దండలు వేశారు. రజాకార్ల పీడ విరగడైందని ఊళ్లకు ఊళ్లు పండగ చేసుకున్నాయి. జనగామ తాలూకాలో దండలు వేసినవాళ్లలో సంఘపోళ్లు, అంటే ఆంధ్ర మహాసభవాళ్లు, కూడా ఉన్నారు.

ఆ దండలు వాడేలోపే ఒక ప్రశ్న ఎదురైంది. తుపాకీ మోస్తున్న దళ సభ్యుడు ఇప్పుడేం చేయాలి? ఇంటికి పోవాలా, అడవికి పోవాలా? దొర దగ్గర గుంజుకుని పంచిన చెలకలో ఈ ఏడు జొన్న ఎవరు కోసుకోవాలి? దీని మీద ఒకే పార్టీవాళ్లు, ఒకే కంచంలో తిన్నవాళ్లు, ఒకే జైల్లో పడుకున్నవాళ్లు మూడేళ్లు కొట్లాడుకున్నారు. మిలటరీతో జరిగిన యుద్ధం గురించి ఇదివరకు చెప్పుకున్నాం. ఈ వారం ఆ లోపలి కొట్లాట సంగతి.

ముందు నేల స్వరూపం చూద్దాం, ఈ తగవుకు దానితో చాలా పని ఉంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబర్ 11న జిల్లాలయ్యాయి. మన కథాకాలంలో జనగామ నల్గొండ జిల్లాలో ఒక తాలూకా. మహబూబాబాద్‌ను జనం మానుకోట అనే పిలిచేవాళ్లు, అది వరంగల్ జిల్లాలోది. భూపాలపల్లి పేరుతో తాలూకా కూడా లేదు. పరకాల, ములుగు, మంథని తాలూకాల అంచులు కలిసేచోట గోదావరి దాకా పరుచుకున్న అడవి అది. బొగ్గు బావులు, కరెంటు కేంద్రం చాలా తర్వాతి ముచ్చట. అంటే జనగామ మైదానం, మానుకోట అడవి అంచు, భూపాలపల్లి అడవి. పోరాటం ఈ వరసలోనే నడిచింది.

ఇక మనుషుల సంగతి. నిజాం మీద, దొరల మీద లేచినవాళ్లంతా ఒకే గుంపు అని మనం ఇప్పుడు అనుకుంటాం. కాదు. 1944లో భువనగిరిలో జరిగిన ఆంధ్ర మహాసభలోనే చీలిక వచ్చింది. రావి నారాయణరెడ్డి అధ్యక్షత వహించిన ఆ సభతో మహాసభ కమ్యూనిస్టుల చేతికి వచ్చింది, జాతీయవాదులు విడిగా వెళ్లిపోయారు. ఊళ్లో మాత్రం ఈ తేడా ఎవరికీ పట్టలేదు. వెట్టి చేయొద్దన్నవాడు, లెవీ ధాన్యం ఇవ్వొద్దన్నవాడు ఎవరైనా సంఘమే.

ఆ సంఘానికి నెత్తురు అంటింది కడవెండిలో. అరవై ఊళ్లు, నలభై వేల ఎకరాలు చేతిలో పెట్టుకున్న విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి తల్లి జానకమ్మ ఆ ఊరి గడీలో ఉండేది. 1946 జూలై 4న సంఘం ఊరేగింపు గుత్పలు, వడిసెలలు పట్టుకుని నినాదాలిస్తూ గడీ దగ్గరికి వచ్చేసరికి లోపలి నుంచి తుపాకులు పేలాయి. దొడ్డి కొమురయ్య అక్కడే కూలిపోయాడు, అన్న మల్లయ్యకు గాయాలయ్యాయి. జనం చెదరలేదు, గడీని ముట్టడించారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన నాలుగెకరాల పంట కోసం అదే దేశ్‌ముఖ్‌తో తలపడిందీ ఈ ప్రాంతంలోనే. కొమురయ్య చావు తర్వాత నల్గొండ, వరంగల్ జిల్లాల్లో వందల ఊళ్లు లేచాయి. ఆ లేచిన ఊళ్లలో ఎవరు కాంగ్రెస్, ఎవరు కమ్యూనిస్టు అని అడిగే తీరిక ఎవరికీ లేదు.

ఏడాది తిరిగేసరికి దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, హైదరాబాద్‌కు రాలేదు. 1947 ఆగస్టు 7న స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహం మొదలుపెట్టింది. సెప్టెంబర్ 2న పరకాలలో మూడు రంగుల జెండా పట్టుకుని వచ్చిన జనం మీద నిజాం పోలీసులు కాల్పులు జరిపి 22 మందిని చంపారు. సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. కాగితం మీద ఎవరి పిలుపు వాళ్లదే. ఊళ్లో రెండూ కలిసిపోయాయి. పొద్దున జెండా ఎగరేసినవాళ్లే రాత్రి సుంకం వసూలు చేసే కరోడ్‌గిరీ నాకాలు తగలబెట్టారు, పటేలు పట్వారీల దస్త్రాలు కుప్పపోసి నిప్పంటించారు.

ఈ పొత్తులో మొదటి పగులు ఎక్కడ పడిందో చూడండి. నిజాం ఖజానాకు ఆబ్కారీ పెద్ద ఆదాయం. కాబట్టి ఈత చెట్లు, తాటి చెట్లు నరకాలన్నది సత్యాగ్రహ కార్యక్రమాల్లో ఒకటి. పట్నంలో కూర్చుని ఆలోచిస్తే లెక్క సరిగ్గానే ఉంటుంది, చెట్టు పోతే పన్ను పోతుంది. ఊళ్లో అదే చెట్టు గౌండ్లాయన బతుకు. సంఘం సభల్లో ముందు వరసలో కూర్చున్నవాళ్లలో గౌండ్లోళ్లు ఎంతమంది! చెట్టు నరికితే నిజాంకు ఎంత నష్టమో తెలియదు గానీ ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. పోరాటం అంటే నిజాంను దించడమేనా, గౌండ్లాయన కడుపు సంగతి కూడానా? కాంగ్రెస్‌కూ కమ్యూనిస్టులకూ మధ్య తర్వాత వచ్చిన తగాదాలన్నీ దాదాపు ఈ ఒక్క ప్రశ్నలో ఉన్నాయి.

కాంగ్రెస్ నాయకులు చాలామంది సరిహద్దు అవతల క్యాంపులు పెట్టి అక్కడి నుంచి దాడులు చేయించేవారు. వరంగల్ జిల్లా లక్నేపల్లిలో పుట్టిన పి.వి. నరసింహారావు ఆ రోజుల్లో చాందా క్యాంపులో పనిచేసినవాడే. కమ్యూనిస్టుల దళాలు ఊళ్ల మధ్యే తిరిగేవి. దాడి చేసి సరిహద్దు దాటిపోయేవాడికి, దాడి చేసి అదే ఊళ్లో రజాకార్లను ఎదుర్కోవలసినవాడికి ఒకే మాట మీద నిలబడడం కష్టం. దానికి తోడు ఇంకో చిక్కు వచ్చింది. హైదరాబాద్‌లో కమ్యూనిస్టులతో కలిసి నిజాంను ఎదిరిస్తున్న కాంగ్రెసే మద్రాసు రాష్ట్రంలో సర్కారు నడుపుతోంది. 1948 మొదట్లోనే ఆ సర్కారు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో కమ్యూనిస్టులను పట్టి లోపలేయడం మొదలుపెట్టింది. తెలంగాణ దళాలకు తూటాలు, మందులు, డబ్బు వచ్చే దారి బెజవాడే. ఆ దారి మీద పోలీసులను కూర్చోబెట్టింది నిజాం కాదు, పొత్తులో ఉన్న పార్టీ.

కమ్యూనిస్టులు మాత్రం తక్కువ తిన్నారా? 1948 మే నెలలో నిజాం ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఎత్తేసింది. ఎందుకో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు, శత్రువుల మధ్య చిచ్చు పెట్టడానికి. హైదరాబాద్ నగర కమిటీ ఆ ఎరకు చిక్కింది. యూనియన్‌లో విలీనాన్ని వ్యతిరేకిస్తూ స్వతంత్ర హైదరాబాద్ ధోరణిలో ఒక ప్రకటన చేసింది. ఊళ్లలో రజాకార్లతో చావుబతుకుల మధ్య ఉన్న పార్టీవాళ్లు ఆ మాట విని నెత్తి కొట్టుకున్నారు. ఆంధ్ర నాయకత్వం దాన్ని ఖండించింది, దళాలు ఒక్క రోజు కూడా తుపాకీ దించలేదు. ఆగస్టు 27న బైరాన్‌పల్లి బురుజు మీద నిలబడి పోరాడిన ఊరిని రజాకార్లు, నిజాం పోలీసులు కలిసి తుడిచిపెట్టారు, ఎనభై మందికి పైగా చచ్చిపోయారు. ఈ ఊరు అప్పుడు జనగామ వైపుదే. అయినా కమ్యూనిస్టులు రజాకార్లు ఒకటేనన్న మాట కాంగ్రెస్ వేదికల మీద చాలాకాలం మోగింది. నగరంలో నలుగురు రాసిన కాగితం బైరాన్‌పల్లి శవాలకన్నా ఎక్కువ కాలం పనికొచ్చింది, అవతలివాళ్లకు.

ఇంతవరకూ ఇరుగుపొరుగు తగాదా. అసలు కొట్లాట ఇంట్లోది.

దాని మూలం భూమి కొలతలో ఉంది. దొర భూమి పంచాలని అందరూ అన్నారు. దొర అంటే ఎన్నెకరాలవాడు? మొదట గరిష్ఠ పరిమితి 500 ఎకరాలు అన్నారు. అరవై ఊళ్ల దేశ్‌ముఖ్‌ను కొట్టడానికి ఆ గీత చాలు. పంచుతూ పోతే కూలీలకు, పాలేర్లకు చాలలేదు, 200కు దించారు. చివరికి వంద ఎకరాల ఖుష్కీ (మెట్ట), పదెకరాల తరి (మాగాణి) దగ్గర ఆగారు. అంకెలు పైకి మామూలుగానే ఉన్నాయి. కానీ గీత కిందికి జరిగిన ప్రతిసారీ నిన్నటిదాకా సంఘానికి ధాన్యం ఇచ్చిన, దళానికి అన్నం పెట్టిన ఎవరో ఒక పెద్దరైతు గీతకు అవతలపడ్డాడు. సంఘం నాయకుల్లో పెద్దరైతు కుటుంబాల పిల్లలు తక్కువమంది కారు. రావి నారాయణరెడ్డి బొల్లేపల్లి భూస్వామి ఇంటివాడే, తన భూమి పంచినవాడే. నిజాం ఉన్నన్నాళ్లు ఈ రాపిడి బయటపడలేదు. రజాకారు ఊరి బయట ఉంటే నూటయాభై ఎకరాల రైతూ, అతని జీతగాడూ ఒకే బురుజు ఎక్కుతారు. రజాకారు పోయిన మర్నాడు జీతగాడు భూమి వైపు చూస్తాడు, రైతు మిలటరీ వైపు చూస్తాడు.

యూనియన్ సైన్యం వచ్చాక జరిగింది అదే. సైన్యం వెనకే పారిపోయిన దేశ్‌ముఖులు తిరిగొచ్చారు. నిన్న రజాకార్లకు విందులిచ్చినవాళ్లు తెల్లటోపీ పెట్టుకుని కాంగ్రెస్ కమిటీల్లో కనిపించారు. పంచిన భూములు వెనక్కివ్వమన్నారు. మిలటరీ గవర్నర్‌గా కూర్చున్న చౌధురి సర్కారు దృష్టిలో రజాకార్ల కథ ముగిసింది, ఇక మిగిలింది కమ్యూనిస్టుల కథ.

ఇక్కడే పార్టీ రెండుగా నిలబడింది. రావి నారాయణరెడ్డి వాదన ఇది: మనం పోరాడింది నిజాంతో, ఆ పోరు గెలిచాం. నెహ్రూ సర్కారును జనం తమ సర్కారు అనుకుంటున్నారు, మనకు ఇష్టం ఉన్నా లేకపోయినా అది నిజం. అంత పెద్ద సైన్యంతో నాటు తుపాకులు పెట్టుకుని నెగ్గలేం. ఆయుధాలు పక్కన పెట్టి, ఉన్న బలంతో బహిరంగంగా పనిచేస్తే భూమిని కొంతైనా కాపాడుకోవచ్చు. అవతలివైపు పుచ్చలపల్లి సుందరయ్య, మాకినేని బసవపున్నయ్య, చండ్ర రాజేశ్వరరావు వంటి ఆంధ్ర నాయకులు, నల్గొండ జిల్లా నుంచి దేవులపల్లి వెంకటేశ్వరరావు. వాళ్ల మాట: భూమి పంచింది మనం, దాన్ని లాక్కోవడానికి వచ్చింది ఈ సైన్యం. తుపాకీ దించిన మర్నాడు దొర జీతగాడి గుడిసె కూలుస్తాడు. భూమి కాపాడాలంటే పోరు సాగాల్సిందే. కమిటీలో రెండో మాట నెగ్గింది.

ఇద్దరిలో ఎవరిది తప్పు అని డెబ్భై అయిదేళ్ల తర్వాత తీర్పు చెప్పడం సులువు. నేను చూసినంతలో ఇద్దరూ తాము చూసినదాన్నే చెప్పారు. భువనగిరి, సూర్యాపేట, జనగామ మైదానంలో రావి నారాయణరెడ్డి మాట అక్షరాలా నిజమైంది. దాక్కోవడానికి గుట్టలు తప్ప మరేం లేవు, ఊరూరా మిలటరీ క్యాంపు, ప్రతి క్యాంపు వెనక దొర మనిషి. కొద్ది నెలల్లోనే అక్కడి దళాలు చితికిపోయాయి. జనగామ పోరాట నాయకుడు నల్ల నరసింహులు వంటివాళ్లకు ప్రత్యేక ట్రిబ్యునళ్లు ఉరిశిక్షలు వేశాయి. నల్గొండ కేసుల ఉరిశిక్షలు ఆపాలని వాదించడానికి ఇంగ్లండ్ నుంచి డి.ఎన్. ప్రిట్ అనే ప్రసిద్ధ న్యాయవాది సుప్రీం కోర్టుకు వచ్చాడు. చివరికి ఉరి తప్పింది, జైలు తప్పలేదు.

అడవిలో కథ వేరు. మైదానంలో చోటు చాలక దళాలు మానుకోట, పాకాల, గుండాల వైపు, అక్కడి నుంచి గోదావరి వైపు జరిగాయి. భీమిరెడ్డి నర్సింహారెడ్డి నాయకత్వంలో వెళ్లినవాళ్లకు అక్కడ కొత్త మనుషులు, కొత్త కష్టాలు తగిలాయి. కోయగూడేల్లో దొర అంటే దేశ్‌ముఖ్ కాదు, ఫారెస్టు గార్డు. పోడు కొట్టుకున్నందుకు, కట్టె తెచ్చుకున్నందుకు, పశువు మేపినందుకు మామూలు గుంజేవాడు, కోడినీ మేకనూ పట్టుకుపోయేవాడు. దళం వచ్చి ఆ మామూలు ఆపింది. ఇంతకన్నా పెద్ద ప్రచారం అక్కర్లేదు. నర్సింహారెడ్డి చెల్లెలు మల్లు స్వరాజ్యం ఈ అడవుల్లో రాజక్క పేరుతో తిరిగింది, ఆమె తల మీద పదివేల రూపాయల వెల ఉంది. ఇరవై ఏళ్లయినా నిండని పిల్లను గూడెం దాచుకుంది. అడవిలో ఉన్నవాడికి పోరాటం అప్పుడే మొదలైనట్టు అనిపిస్తుంది. మైదానంలో ఉన్నవాడికి ఎప్పుడో అయిపోయినట్టు అనిపిస్తుంది. ఇద్దరూ ఒకే పార్టీకి నివేదికలు రాస్తున్నారు.

సర్కారుకు ఇది అర్థమైంది. చేపను పట్టాలంటే చెరువు ఎండగట్టాలని గూడేలనే పెకలించింది. కోయలను ఇళ్ల నుంచి లేపి రోడ్ల పక్క క్యాంపుల్లో కుక్కారు. కలరా, ఆకలి చాలామందిని మింగాయి. పోరాటం మొత్తంలో 4,000 మంది చనిపోయారని, 10,000 మంది జైళ్లలో మగ్గారని, మరో 50,000 మందిని క్యాంపులకు, పోలీసు ఠాణాలకు ఈడ్చి హింసించారని సుందరయ్య తర్వాత లెక్క చెప్పాడు. ఆ లెక్కలో అడవి వాటా తక్కువేమీ కాదు. దాన్ని మోసిన కోయవాళ్లలో పేరు పుస్తకానికెక్కినవాళ్లు చాలా కొద్దిమంది.

పైన, ఢిల్లీకి బొంబాయికి దగ్గరి ఎత్తుల్లో, ఇంకో తగవు నడుస్తోంది. 1948 ఫిబ్రవరి చివర కలకత్తాలో మొదలైన కమ్యూనిస్టు పార్టీ మహాసభలో పి.సి. జోషి పోయి బి.టి. రణదివే ప్రధాన కార్యదర్శి అయ్యాడు. ఆయన లెక్కలో విప్లవం నగరాల్లో రావాలి, కార్మికుల సమ్మెలతో రావాలి. ఆంధ్ర కమిటీ అదే ఏడు ఒక లేఖలో మన దారి చైనా దారి అంది: ఊళ్లు ముందు, నగరం తర్వాత, ధనిక రైతును శత్రువుగా చూడొద్దు. రణదివేకు మండింది, మావోనే తప్పుపట్టేదాకా పోయాడు. 1949 మార్చి 9న తలపెట్టిన రైల్వే సమ్మె జరగలేదు, ఆయన సిద్ధాంతం అక్కడే పట్టాలు తప్పింది. 1950 జనవరిలో కోమిన్‌ఫాం పత్రిక చైనా దారిని మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. ఆ ఏడు వేసవిలో రణదివే దిగి చండ్ర రాజేశ్వరరావు ప్రధాన కార్యదర్శి అయ్యాడు. మానుకోట అడవిలో ఆకుల కింద పడుకున్న దళ సభ్యుడికి ఈ సంగతులు నెలల తర్వాత, కొరియర్ తెచ్చిన చిట్టీల్లో, సగం అర్థమయ్యేలా చేరేవి. సిద్ధాంతం మారినప్పుడల్లా తాను నిన్నటిదాకా చేసింది తప్పో ఒప్పో అతనికి మారిపోయేది.

తెలంగాణ దారే దేశం దారి అన్నవాళ్లు గెలిచారు కదా, ఇక ఇంట్లో తగవు తీరాలి. తీరలేదు. అదే ఏడు సెప్టెంబర్ చివర పార్టీ నాయకులు అజయ్ ఘోష్, డాంగే, ఘాటే ముగ్గురూ ప్రబోధ్ చంద్ర, ప్రభాకర్, పురుషోత్తం అన్న మారుపేర్లతో ఒక పత్రం రాశారు. దానికి ‘మూడు పీల పత్రం’ అని పేరు పడింది. దేశంలో ఎక్కడా తెలంగాణ లేదు, తెలంగాణలోనూ వెనకటి తెలంగాణ లేదు, కళ్లు తెరవండి అన్నది దాని సారం. రావి నారాయణరెడ్డి కూడా అప్పటికి లోపల చెప్పీ చెప్పీ విసిగి, తెలంగాణలో అసలేం జరుగుతోందో రాసి అచ్చు వేయించాడు. అవతలివాళ్లు దాన్ని వెన్నుపోటు అన్నారు. పిలుపునిచ్చిన చేతితోనే ఆపమని రాయడం వెన్నుపోటో కాదో గానీ, ఆ కాగితం పోలీసు క్యాంపుల్లో కూడా చదివారు. ఒక తగవు అచ్చులోకి ఎక్కితే అది రెండు పక్షాలదే కాకుండా పోతుంది.

కింద నేల కూడా కదులుతోంది. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు, 1950లో రక్షిత కౌలుదార్ల చట్టం, 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావేకు వెదిరె రామచంద్రారెడ్డి దానంగా ఇచ్చిన వంద ఎకరాలు. వీటిలో ఏదీ కమ్యూనిస్టుల భయం లేకుండా వచ్చింది కాదు. కానీ రైతుకు ఇచ్చినవాడి చేయి కనిపిస్తుంది, ఇప్పించినవాడి తుపాకీ కనిపించదు. మనం పోరాడితేనే ఇవి వచ్చాయి కాబట్టి ఇంకా పోరాడాలని ఒక పక్షం, ఇవి వచ్చాయి కాబట్టి ఇక చాలని ఒక పక్షం వాదించుకున్నాయి. ఒకే సాక్ష్యంతో రెండు తీర్పులు.

తేలక మాస్కోకు పోయారు. ఈ ప్రయాణం సినిమా కథలా ఉంటుంది. అజయ్ ఘోష్, డాంగే ఒకవైపు, రాజేశ్వరరావు, బసవపున్నయ్య ఇంకోవైపు, నలుగురూ కలకత్తా రేవులో దొంగచాటుగా సోవియట్ ఓడ ఎక్కారు. 1951 ఫిబ్రవరిలో స్టాలిన్‌ను కలిశారు. ఆయన అడిగిన వాటిలో అసలు ముక్క ఒకటుంది. చైనా సైన్యానికి మంచూరియాలో వీపు ఆనించుకోవడానికి సోవియట్ దేశం దొరికింది, మీ వీపు వెనక ఎవరున్నారు? దీనికి గ్రీస్ అనుభవం తెలిస్తే బరువు తెలుస్తుంది. జర్మన్ల మీద కలిసి లేచిన గ్రీకు దళాలు 1943లోనే ఒకరినొకరు కాల్చుకున్నాయి. తర్వాత కమ్యూనిస్టుల సైన్యం అంతర్యుద్ధంలో నిలబడింది యుగోస్లావియా సరిహద్దు ఆసరాతో. 1949లో టిటో ఆ సరిహద్దు మూసేశాడు, అక్టోబర్‌కల్లా యుద్ధం ముగిసిపోయింది. మన దళాల వెనక ఉన్నదేమిటి? గోదావరి, దాని అవతల మళ్లీ భారత పోలీసులే.

నాకు ఈ సమావేశంలో మిగతావన్నీ కాదు, ఒక్క సంగతి గుచ్చుకుంటుంది. వెళ్లిన నలుగురిలో ఇద్దరు తెలుగువాళ్లు. ఒకరిది కృష్ణా జిల్లా, ఇంకొకరిది గుంటూరు జిల్లా. ఆపమన్న రావి నారాయణరెడ్డి ఆ గదిలో లేడు. సాగాలన్న దేవులపల్లి లేడు. అడవిలో ఉన్న భీమిరెడ్డి లేడు. కడవెండి, బైరాన్‌పల్లి ఏం కావాలో తేల్చిన బల్ల దగ్గర తెలంగాణ మనిషి ఒక్కడూ కూర్చోలేదు. తెలంగాణ పార్టీ విశాలాంధ్ర కమిటీ కింద పనిచేసింది కాబట్టి అది పద్ధతి ప్రకారం సరే కావచ్చు. దళం మనిషికి మాత్రం ఎవరో ఎక్కడో తేల్చారన్న చేదు చాలాకాలం పోలేదు.

తర్వాతివి గబగబా జరిగాయి. అజయ్ ఘోష్ ప్రధాన కార్యదర్శి అయ్యాడు. ఏ.కె. గోపాలన్, జ్యోతిబసు, ముజఫర్ అహ్మద్ హైదరాబాద్ వచ్చి సర్కారుతో మాట్లాడే ప్రయత్నం చేశారు. సర్కారు షరతు ఒక్కటి కూడా ఒప్పుకోలేదు. 1951 అక్టోబర్‌లో పార్టీ తానే పోరాటం విరమించింది. కేసులు ఎత్తేయకముందే, జైళ్లలోవాళ్లు బయటకు రాకముందే, పంచిన భూమి ఎవరికి దక్కుతుందో తేలకముందే.

మరి మూడు నెలలకే ఎన్నికలు. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఇంకా ఉంది కాబట్టి పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడ్డారు. ఆపమన్న రావి నారాయణరెడ్డికి నల్గొండలో నెహ్రూకన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయి. ఆ ఓట్లు ఆపమన్నందుకు పడ్డాయా, పోరాడినందుకు పడ్డాయా? రెండు పక్షాలూ తమవేనన్నాయి. వరంగల్ లోక్‌సభ స్థానంలో ఫ్రంట్ అభ్యర్థి పెండ్యాల రాఘవరావు గెలిచాడు, ఓడినవాడు కాళోజీ నారాయణరావు. నిజాంను ఎదిరించి జైలుకు పోయిన ఇద్దరు, అయిదేళ్ల కింద ఒకే శత్రువు మీద లేచినవాళ్లు, ఇప్పుడు ఒకే ఓటరు దగ్గర ఎదురుబొదురుగా.

తగవు పుస్తకాల్లోకి ఎక్కింది. 1964లో పార్టీ చీలాక 1970ల మొదట్లో సీపీఎం నుంచి సుందరయ్య, సీపీఐ నుంచి రావి నారాయణరెడ్డి ఎవరి తెలంగాణ చరిత్ర వాళ్లు రాశారు. తర్వాత దేవులపల్లి మూడోది రాశాడు, ఆయన అప్పటికి నక్సలైట్ శిబిరంలో ఉన్నాడు. మూడూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. కొమురయ్య చావు దాకా ముగ్గురిదీ ఒకే కథ. 1948 సెప్టెంబర్ తర్వాతి పేజీల్లో ఒకరికొకరు ఊరు పేరు తప్ప ఏదీ ఒప్పుకోరు.

దేవులపల్లి సంగతి ఇంకా ఉంది. మానుకోట పక్క ఇనుగుర్తిలో పుట్టిన ఈయన 1968లో తరిమెల నాగిరెడ్డి, చండ్ర పుల్లారెడ్డిలతో కలిసి సీపీఎం నుంచి బయటకు వచ్చాడు. 1969 డిసెంబర్‌లో నాగిరెడ్డితో పాటు మద్రాసులో దొరికిపోయాడు. బయట చండ్ర పుల్లారెడ్డి దళాలు పాత దారిలోనే, పాకాల, గుండాల, ములుగు అడవుల్లోనే తిరుగుతున్నాయి. ఇరవై ఏళ్ల కింద అవే గూడేలు దాచిన మనుషుల తర్వాతి తరం వీళ్లు. జైల్లో ఉన్న దేవులపల్లి, నాగిరెడ్డి ఆ దళాలను తప్పుపట్టారు: జనం సిద్ధం కాకముందే, భూమి ఉద్యమం లేవకముందే తుపాకీ ఎత్తారని. 1951లో ఆపొద్దన్నవాడు 1971లో తొందరపడ్డారన్నాడు. పుల్లారెడ్డి పక్షం ఒప్పుకోలేదు, మళ్లీ చీలారు. కొత్తగూడ, గూడూరు ఊళ్లలో ఒకే గోడ మీద ఇద్దరి నినాదాలు వెలిసిన రోజుల గురించి వచ్చే సంచికలో.